సోమలింగం నేసిన కట్టు

సూరత్‌లో సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే మనవాళ్లలో సోమలింగం అంతటివాడు లేడు. చెప్పేది నేను కాబట్టి సగం కొట్టేసుకుని వినండి. మిగిలిన సగమైనా మీ ఊరి నేతగాళ్లందరికీ సరిపోతుంది. పన్నెండు మరమగ్గాల మోతలో పక్కవాడు అరిచినా వినపడదు. అందులో వీపు తిప్పుకుని నిలబడి, "గా మూల దాంట్ల పోగు తెగింది, పోయి చూడు" అనేవాడు. పోయి చూస్తే తెగే ఉండేది. ఒకసారైతే తెగకముందే చెప్పాడు. నేను వెళ్లి నిలబడ్డాక, నా కళ్ల ముందు తెగింది. నమ్మకపోతే మానెయ్యండి. ఎనిమిదో తరగతిలో మా సారూ నన్ను నమ్మలేదు. ఆయన బడి ఆయనకే వదిలేసి వచ్చాను.

సోమలింగానిది సిరిసిల్ల పక్క పల్లె. సూరత్‌కు వచ్చి ఇరవై ఆరేళ్లు. భార్య పోశమ్మతో కోసాడ్ క్వార్టర్లలో మూడో అంతస్తులో ఉంటాడు. వయసు యాభై ఒకటి. షుగరు ఉంది, తంబాకు ఉంది. పోగులు చుట్టిన బీములు ఎత్తీ ఎత్తీ గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కూడా వచ్చింది. నాలుగేళ్లు దాన్ని అరచేత్తో లోపలికి నొక్కుకుంటూ పని చేశాడు. "ఏందన్నా, సాంచాకు స్పేర్ పార్టు లోపల దాచినవా?" అని నేను ఏడిపించేవాణ్ణి. మొన్న మార్చిలో అది లోపలికి పోనని మొండికేసింది. ఆపరేషన్ తప్పదన్నారు.

కార్ఖానాలో మా మాస్టర్ శ్యాంసుందర్. కోరుట్ల మనిషి, మనవాడే. మనవాడు కాబట్టి మాట మెత్తగా చెప్పాడు.

"ఇరవై దినాలు నీ సాంచాలు నీయే, సోమన్నా. ఎవన్నన్న నిలబెట్టి నడిపిస్త. ఇరవై ఒకటో నాడు నువ్వు రాకుంటే నా చేతుల లేదు. సేఠ్ ఊకోడు."

పన్నెండు సాంచాలు ఒకసారి చేయి దాటితే యాభై ఏళ్లు నిండినవాడికి మళ్లీ ఇచ్చే కార్ఖానా సూరత్‌లో లేదు. చీపురిస్తారు, లేదా తాకాలు, అంటే నేసి దించిన గుడ్డ చుట్టలు, మడతపెట్టే చోట కూర్చోబెడతారు. సోమలింగం కత్తికి భయపడలేదు. ఆ ఇరవై ఒకటో రోజుకు భయపడ్డాడు.

సర్కారు దవాఖానలో ఆపరేషన్ అయింది. గుజరాతీ డాక్టరమ్మ, చిన్న వయసు. కడుపు గోడ చిరిగిన చోట లోపల వల ముక్క పెట్టి కుట్టామని హిందీలో చెప్పింది. మత్తు పూర్తిగా దిగకుండానే సోమలింగం నా వైపు తిరిగి అడిగాడు.

"గా వలకు గూడ పడుగు, పేక ఉన్నయా, వినోదూ?"

ఇంటికి పంపేటప్పుడు నర్సు వేళ్లు మడుస్తూ మరీ చెప్పింది. తంబాకు ముట్టొద్దు, షుగరు గోలీ తప్పొద్దు. కట్టు మీరు విప్పొద్దు, తడిస్తే ఇక్కడికే రండి. ఐదో రోజు చూపించుకోండి. ఎర్రబడినా, వేడెక్కినా, చీము కనబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే రండి. సోమలింగం అన్నిటికీ తలూపాడు. సాంచాల మోతలో బతికినవాడికి తలూపడం బాగా అలవాటు.

మూడో రోజు నేను కోసాడ్ వెళ్లాను. ఎండకు గోడలు కాలుతున్నాయి. చెమటకు కట్టు అంచు లేచిందని తనే విప్పేశాడు. లోపలి పల్చటి గుడ్డను కిటికీ వెలుగుకు అడ్డం పెట్టి చూస్తున్నాడు.

"ఏందిర వినోదూ గిది? పోగుకు పోగుకు నడుమ ఎడ్లబండి పోతది. దీన్ని నేసినోన్ని శ్యాంసుందర్ గేటు దాటనియ్యడు."

"నేసింది మనిషి కాదన్నా, సాలెపురుగు."

"నవ్వియ్యకు, కుట్లు గుంజుతయి." చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు. "గిన్ని సందులుంటే దుమ్ము లోపలికి పోదా? దగ్గర నేత గుడ్డ గావాలె. నా చేతి గుడ్డ తే. ఇంక మిల్లుకు పోనిది."

మిల్లుకు పోని గుడ్డంటే రంగు పడనిది, ఎవరూ కట్టనిది, ఎవరి చెమటా తాకనిది. మనవాళ్లకు పెళ్లికైనా చావుకైనా కొత్త గుడ్డే శుద్ధం. అది నేసినవాడికి అంతకన్నా శుద్ధమైనది లోకంలో ఉంటుందా? అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఆగే రకం కాదు.

మా తాత కథ ఎత్తుకున్నాను. అడవిపంది కడుపు చీరితే మా తాత మగ్గం మీది గుడ్డనే కోసి నడుముకు బిగించాడనీ, చేతిలో ఉన్న చీర పూర్తి చేశాకే లేచాడనీ, మూడో రోజుకు మచ్చ కూడా లేదనీ చెప్పాను. సోమలింగం నోరు తెరిచి విన్నాడు. మా తాత సైకిళ్లకు గాలి కొట్టేవాడు. మగ్గం ముఖం ఎరగడు.

మర్నాడు సోమలింగం దవాఖానకు పోకముందు నేసిన తాకా చివర రెండు మూరలు కోసి, చొక్కా లోపల దాచి తెచ్చాను. పోశమ్మ వదినె పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"జర ఉడుకు నీళ్లల్ల ముంచి ఆరేస్తనయ్యా. ఏ గుడ్డయినా గంతే గద."

"ముంచకు! కొత్త గుడ్డను కడుగుతరా ఎవలన్నా? మడత పోతది," అని కసిరాడు సోమలింగం.

"మడతెందుకు, పెండ్లికి పోతున్నవా?"

ఆయన వినలేదు. ఆ గుడ్డ పాలిస్టరు. పోగులకు పట్టించిన గంజి, సాంచా నూనె, కార్ఖానా నేల మీది దుమ్ము అన్నీ దాన్ని పట్టుకునే ఉన్నాయి. నాకు అవి కనిపించలేదు. ఇరవై ఆరేళ్లు వాటిలోనే ఊపిరి పీల్చినవాడికి అసలే కనిపించలేదు. గాయం మీద బిగించి కట్టి, మంచం మీద రాజులా పడుకున్నాడు.

ఐదో రోజు దవాఖానకు పోలేదు. "కట్టు చూసి తిడుతది. ఇంకో నెల కూసోమంటది," అన్నాడు. ఏడో రోజు నేను వెళ్తే నన్ను దగ్గరకు పిలిచి గుడ్డ అంచు లేపాడు. చుట్టూ చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది. చెయ్యి పెడితే వేడి. ఒక మూల పసుపు తడి.

"అన్నా, గిది చూపిద్దాం. పోదాం పా."

"ఏం గాదు, మానే పుండు అట్లనే ఉంటది. పోశమ్మకు చెప్పకు. ఇంక పదమూడు దినాలున్నయి, ఆరుతది. ఇంకో ముక్క తెచ్చియ్యి."

"తాకా అంతా నీ నడుముకే అయ్యేటట్టుంది," అన్నాను. ఇంకో ముక్క తెచ్చాను. వదినెకు చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఆ రెండు రోజులే.

తొమ్మిదో రోజు వదినెకు వాసన తెలిసింది. దుప్పటి లాగి చూసింది. ఆటో పిలిచింది. నేనే మోసుకుని మూడంతస్తులు దింపాను. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

డాక్టరమ్మ గుడ్డ విప్పి, రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి, ఇదెవరు కట్టారని అడిగింది.

"నేనే మేడమ్. నేసింది గూడ నేనే," అన్నాడు సోమలింగం హిందీలో. నూటమూడు జ్వరంలోనూ ఆ గొంతులో గర్వం వినపడింది.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. కుళాయి కింద ఆ గుడ్డ పట్టి మాకు చూపించింది. నీళ్లు పైనే జారిపోయాయి, లోపలికి ఇంకలేదు. "మీరు సందులని తిట్టుకున్న గుడ్డ తడి పీల్చడానికి, గాలి ఆడడానికే అట్లా ఉంటుంది. ఇది తడిని కింద మూసిపెట్టింది. షుగరు ఉంది, తంబాకు మానలేదు, ఆ పైన ఈ మురికి. ఎర్రబడ్డ రోజే వచ్చి ఉంటే మందులతో పోయేదేమో. ఇప్పుడు చీము వల దాకా పోయింది. తియ్యాలి."

"ఎన్ని దినాలు పడుతది?" అన్నాడు సోమలింగం.

"ముందు బతకండి," అంది ఆమె.

మళ్లీ కోశారు, వల తీసేశారు. గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచారు, అడుగు నుంచి అదే పూడి రావాలట. షుగరు దించడానికే వారం పట్టింది. నెలన్నర రోజూ కడిగి కొత్త గుడ్డ పెట్టాలన్నారు. వల లేదు కాబట్టి ఉబ్బు మళ్లీ రావచ్చు. బరువు ఎత్తడం మాట మరిచిపొమ్మన్నారు.

ఇరవై ఒకటో రోజు పొద్దున శ్యాంసుందర్ నన్ను పిలిచాడు.

"సోమన్న సాంచాలు నువ్వు పట్టు. నువ్వు వద్దంటే బయటోన్ని తెస్త."

నేను వద్దనలేదు. ఊరంతా నన్ను మొనగాడంటుందని ఇన్నాళ్లు చెప్పుకున్నవాణ్ణి, పన్నెండు సాంచాలు ఇస్తామంటే ఎట్లా వద్దంటాను? ఆ రోజు వాటి మధ్య నిలబడితే ఏ మూల పోగు తెగిందో ఒక్కటీ వినపడలేదు. సాయంత్రానికి మూడు తాకాలు పాడు చేశాను.

ఆదివారం కోసాడ్ వెళ్లాను. చెప్పడానికి దారిలో ఐదారు కథలు కట్టుకున్నాను. సాంచాలు ఆగే ఉన్నాయని, సేఠ్ నీ కోసం చూస్తున్నాడని, ఇట్లాంటివి. సోమలింగం గోడకు తలగడ పెట్టుకుని కూర్చున్నాడు. సగం మనిషయ్యాడు.

"నీకే ఇచ్చిన్రటగా," అన్నాడు.

తలూపాను.

"మంచిదాయె, బయటోడు కాదు." ఒక్కో సాంచా గుణం చెప్పడం మొదలుపెట్టాడు. ఒకటో దానికి ఎడమ పక్క పట్టీ వదులు, గంటకోసారి చూడాలి. నాలుగో దానికి ఎక్కువ నూనె పోస్తే గుడ్డ మీద చుక్క పడుతుంది. తొమ్మిదోది ఎండెక్కితే మొరాయిస్తుంది, దాంతో కొట్లాడొద్దు, జర ఆపి మళ్లీ నడపాలి. ఒక్కొక్కటి చెప్పేటప్పుడు చేతులు గాలిలో కదిలాయి, పోగులు ముడేస్తున్నట్టు. పన్నెండూ అయ్యేసరికి ఆయాసం వచ్చింది.

"యాదికుంటదా? మళ్ల చెప్పాల్నా?"

"ఉంటదన్నా."

వదినె లోపలి నుంచి వచ్చి, నన్ను చూడకుండా, గాయం కడిగే వేళయింది, బయటికి పొమ్మని చెప్పింది.