చెదలు తిన్న అక్షరం చదివిన కెప్టెన్

చూపు తగ్గిన మనిషికి 'చూపు బాగున్నది' అని రాసి, సంతకం పెట్టి, పైన దుకాణం ముద్ర కూడా గుద్ది ఇచ్చిన కళ్లద్దాల వ్యాపారి పాలమూరు మొత్తంలో ఒక్కడే. అది నేనే. అప్పట్లో జిల్లాలో నాకు పోటీ ఎవరూ లేరు కాబట్టి, ఆ తప్పు చేసే భాగ్యం మరొకరికి దక్కే వీలు కూడా లేదు.

1942లో జరిగిన సంగతి ఇది. మహబూబ్‌నగర్‌ని మేము పాలమూరనే అనేవాళ్లం. సర్కారు కచేరీకి పోయే దారిలో ఇరవై అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు ఉన్న దుకాణం నాది. మా ఇంట్లో ఒక అన్న కిరాణం పెట్టాడు, ఒకాయన బట్టలు, ఇంకొకాయన ఇత్తడి సామాను. నాలుగోవాడికి మిగిలిన వ్యాపారం ఏదీ కనపడక, నన్ను పట్నంలో పత్తర్‌గట్టీ దగ్గర ఒక కళ్లద్దాల ముసలాయన వద్ద రెండేళ్లు పనికి పెట్టారు. వచ్చేటప్పుడు ఆయన పాత ట్రయల్ సెట్ కొన్నాను. అంటే రకరకాల పవరు అద్దాలు వరసగా పేర్చిన పెట్టె, వాటిని ఒక్కొక్కటిగా తొడిగి చూసే ఖాళీ చట్రం. దాంతోపాటు గోడకు తగిలించి చదివించే అక్షరాల చార్టులు మూడు ఇస్తానన్నాడు. "అక్షరాలు ఎక్కడైనా అవే గదా, మూడెందుకు?" అని గంట సేపు బేరమాడి, ఒకే చార్టు తీసుకుని మూడు రూపాయలు తగ్గించుకున్నాను. ఇంటికొచ్చి అన్నలకు చెబితే ముగ్గురూ నా వీపు తట్టారు.

ఆ చార్టు ఉర్దూలో ఉండేది. కచేరీ వాళ్లు, బడికి పోయినవాళ్లు అందరూ చదివేది ఉర్దూనే. దుకాణం చివరి గోడకు దాన్ని తగిలించి, కింద ఒక బల్ల వేశాను. ఆ బల్ల ఆరేళ్లపాటు సామ్యేల్ మాస్టర్‌ది.

సామ్యేల్ మాస్టర్ మిషన్ బడిలో డ్రిల్ మాస్టరు, మా ఊరి క్రికెట్ జట్టుకు కెప్టెను. కచేరీ ఉద్యోగులు, వకీళ్ల కొడుకులు ఉన్న జట్టుకు ఆయన కెప్టెన్ కావడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆయన తండ్రి అదే పరేడు మైదానం ఊడ్చేవాడు. వికెట్ల మధ్య పరిచే కొబ్బరి పీచు చాపను మోసుకొచ్చి, పరిచి, మేకులు కొట్టి, పక్కకు జరిగి నిలబడేవాడు. పరిచిన తర్వాత దానిమీద ఆయన కాలు పెట్టకూడదు.

ఆ చాప మీదే కొడుకు ఆరేళ్లు రాజ్యం చేశాడు. ఆయన బ్యాటింగ్ మామూలే, బౌలింగ్ అంతకన్నా మామూలు. ఆయన గొప్పంతా మనుషులను చదవడంలో ఉండేది. బ్యాటు పట్టుకున్నవాడి భుజం ఎటు వాలుతున్నదో చూసి ఫీల్డర్‌ను నాలుగడుగులు జరిపేవాడు. మరుక్షణం బంతి అక్కడికే పోయేది. సాయంత్రాలు నా బల్లమీద కూర్చుని, ఖాళీ కళ్లద్దాల డబ్బాలను గల్లాపెట్టె మీద ఫీల్డర్లుగా పేర్చేవాడు. "గీ నల్లడబ్బా నువ్వురా బై, గిక్కడినుంచి కదిలినవంటే సూడు" అని ఆటగాళ్లకు చెప్పేవాడు. వాళ్ల వెంట జనం, జనం వెంట నా గిరాకీ. నల్లగొండను వరసగా మూడేళ్లు ఓడించిన రోజుల్లో, చూపు బాగున్నవాళ్లు కూడా మాస్టర్ పక్కన కాసేపు కూర్చోవచ్చని నా దగ్గరకు కళ్ల పరీక్షకు వచ్చేవారు. వాళ్లలో కొందరికి అద్దాలు అమ్మాననీ, అందుకు సిగ్గుపడుతున్నాననీ రాస్తే సగమే నిజమవుతుంది.

ఆ ఏడు వానాకాలంలో మాస్టర్ దుకాణానికి రావడం తగ్గించాడు. బడిలో పని ఎక్కువైందన్నాడు. మైదానంలో మాత్రం ఒకటి రెండు క్యాచులు జారాయి. దూరం నుంచి చెయ్యి ఊపినవాళ్లకు బదులు చెయ్యి ఊపడం మానేశాడు. కళ్ల వ్యాపారం చేసే నేను ఆయనకు గర్వం పెరిగిందనుకున్నాను.

నల్లగొండతో కప్పు మ్యాచ్ పదిరోజులుందనగా, క్లబ్బు సెక్రటరీ వకీల్ సాబ్ ఇద్దరు మెంబర్లను, మాస్టర్‌ను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆయన మేనల్లుడు వెంకట్రావు జట్టులో వైస్ కెప్టెను. కెప్టెన్సీ మీద మేనల్లుడి కంటే మామకే ఆశ ఎక్కువ.

"సేటూ, మా కెప్టెన్ సాబ్‌కు కండ్లు ఆనుతలేవని మైదానంల మాట పుట్టింది" అన్నాడు వకీలు. "జర పరీక్ష జేసి కాగితం రాసియ్యి. బాగుంటే బాగున్నయని రాయి. లేకుంటే లేదని రాయి. మాకేం ఫికర్ లేదు."

ఫికరంతా ఆయన ముఖంలోనే ఉంది. పోయి చార్టు కింద బల్లమీద, చార్టుకు వీపు పెట్టి, మాస్టర్ ముఖం చూస్తూ కూర్చున్నాడు. మెంబర్లు ఆయనకు చెరోపక్క కూర్చున్నారు. మాస్టర్ గుమ్మం దగ్గర నిలబడి ఒక కన్ను మూసుకున్నాడు. నేను కర్రతో ఒక్కో అక్షరం చూపిస్తూ పోయాను. తడబాటు లేకుండా చదివాడు. చివరి వరస చీమ తలకాయలంత అక్షరాలు. "అలిఫ్, నూన్, సీన్, దాల్" అన్నాడు. నా కర్ర అలవాటుగా అయిదో జాగాకు పోయింది.

"మీమ్" అన్నాడు మాస్టర్.

కర్ర కొన దగ్గర మీమ్ లేదు. అసలు కాగితమే లేదు. రెండు నెలల కింద చెదలు ఆ మూల తినేశాయి. కొత్త చార్టు తెప్పించాలంటే డబ్బు దండగని అలాగే వదిలేశాను. బొక్కలోంచి గోడ సున్నం కనపడుతున్నది. రెండో కన్నుతోనూ అదే వరస, అదే మీమ్.

వెనక్కి తిరిగి మాస్టర్‌ను చూశాను. ఆయన చూపు నావైపే ఉంది కానీ నా ముఖం మీద లేదు. నా చెవి పక్కన ఎక్కడో ఉంది. అప్పుడు అర్థమైంది, వానాకాలమంతా ఆ బల్లకు ఎందుకు దూరంగా ఉన్నాడో.

"ఏమాయె?" అన్నాడు వకీలు.

"బాగున్నది" అన్నాను. కాగితం మీద రాశాను, సంతకం పెట్టాను, ముద్ర గుద్దాను. స్నేహం కోసం చేశాననుకుంటే నాకే బాగుంటుంది. వకీలంటే గిట్టకపోవడం కొంత, మాస్టర్ లేకపోతే నా గిరాకీ ఏమవుతుందోనన్న భయం కొంత కూడా అందులో ఉన్నాయి.

వాళ్లు పోయాక మాస్టర్ ఆగాడు.

"మాస్టరూ, ఆ మూల చెదలు తిని రెండు నెలలాయె" అన్నాను.

చార్టు వైపు కళ్లు చికిలించాడు. తర్వాత నవ్వాడు. "అయితే లేని అక్షరం గూడ సదివిన్నా? గింత సూపు జిల్లాల ఎవనికుంది సేటూ?"

కూర్చోబెట్టి ట్రయల్ చట్రం పెట్టి, వీధి అవతలి బోర్డు చదివిస్తూ అద్దాలు మార్చాను. దూరం కనపడనివాళ్లకు వేసే పల్చటి నడుమున్న అద్దాన్ని మైనస్ అంటాం. మైనస్ రెండు దగ్గర ఆయన చెయ్యి నా మణికట్టును పట్టుకుంది.

"గా యాపచెట్టుకు ఆకులు ఇడిఇడిగ ఉన్నయి" అన్నాడు.

"ఇవే అద్దాలు పెట్టుకుని ఆడు. యుద్ధం మూలంగా బొంబాయి నుంచి సరుకు వస్తలేదు గని, ఈ జత నా దగ్గరున్నది. రేపటికి చేసిస్త."

"వద్దు. సామ్యేలుకు సాతగాదని ఒక్క మాట దొరకాలని కూసున్నరు వాళ్లు. అద్దాలతోటి పోతే, టాస్ ఎయ్యకముందే దింపుతరు. మా బాపు సాప మీద కాలు పెట్టలే. నేను ఆడినంత ఆడి, నా అంతల నేను దిగాలె. ఈ ఒక్క మ్యాచ్ కానీ. తెల్లారి వచ్చి పెట్టుకుంట."

ఏ గిరాకీనీ ఖాళీచేతులతో గుమ్మం దాటనివ్వని నేను, ఆ రోజు ఆ ఒక్కడినీ దాటనిచ్చాను.

మ్యాచ్ నాడు మబ్బు పట్టింది. నల్లగొండకు గెలవడానికి ఆరు పరుగులు కావాలి, చేతిలో ఒకటే వికెట్టు. మాస్టర్ ఫీల్డర్లను జరిపి జరిపి మ్యాచ్‌ను అక్కడిదాకా లాక్కొచ్చాడు. తాను బ్యాట్స్‌మన్ వెనక పక్కన, స్లిప్‌లో నిలబడ్డాడు. బంతి బ్యాటు అంచుకు తగిలి నేరుగా ఆయన మీదికి వచ్చింది. పట్టడానికి ఆయన చేతులు లేవలేదు. తప్పుకోవడానికి తల కదలలేదు. బంతి భుజాన్ని రాసుకుంటూ పోయి నాలుగు పరుగులైంది. అప్పుడు గానీ ఆయన వెనక్కి తిరగలేదు.

జారవిడిచి ఉంటే జనం తిట్టేవాళ్లు. చూడనేలేదని తెలిసి మైదానమంతా నోరు మూసుకుంది.

మాస్టర్ వెంకట్రావును పిలిచి బంతి చేతిలో పెట్టాడు. "కెప్టెన్సీ నీదే ఇగ. గా లెఫ్ట్ దిక్కోణ్ని రెండడుగులు లోపలికి జరుపు" అని చెప్పి దూరంగా బౌండరీకి పోయి నిలబడ్డాడు. పోతూ చాప మీంచి కాకుండా దాని పక్కనుంచి నడిచాడు. వెంకట్రావు ఫీల్డర్‌ను జరపలేదు. తర్వాతి బంతి ఆ సందులోంచే పోయింది, మ్యాచ్ కూడా.

మరునాడు వకీలు నేను రాసిన కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. చెప్పిన మాట ప్రకారం అద్దాల కోసం మాస్టర్ అప్పటికే వచ్చి ఉన్నాడు.

"సేటూ, గీ దస్కతు నీదేనా? తెల్సి పెట్టినవా, తెల్వక పెట్టినవా?"

నేను నోరు తెరిచేలోపు మాస్టర్ అందుకున్నాడు. "ఆయన్ననకుండ్రి వకీల్ సాబ్. ఆరేండ్లు గీ బల్లమీన కూసున్న, సదివెటోళ్లను ఇని ఇని చార్టు నాకు నోటికొచ్చు. గాయనకేం తెల్సు? మోసం నాది."

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క మాట. తెలిసే సంతకం పెట్టానని ఊరికి తెలిస్తే, నా దుకాణంలో ఇంకెవరు కళ్లు చూపించుకుంటారు? చేతిలో ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడిచాను. తుడిచిందే తుడిచాను. వకీలు కాగితం చింపి వెళ్లిపోయాడు. భుజాల మీద మోసిన ఊరే, వారం తిరిగేసరికి మాస్టర్‌ను మోసగాడంది. మిషన్ వాళ్లు ఆయన్ను దేవరకొండ బడికి పంపేశారు.

ఆ రోజు వకీలు పోయిన తర్వాత మాస్టర్ అద్దాల ధర అడిగాడు.

"పైసలొద్దు మాస్టరూ."

"ధరెంత?"

"పద్నాలుగు. నీకు పన్నెండుకిస్త."

"పద్నాలుగు అన్నవు గదా."

"పది ఇయ్యి."

అమ్మేవాడు దిగుతుంటే కొనేవాడు ఒప్పుకోని బేరం నా జన్మలో అదొక్కటే. పద్నాలుగు రూపాయలూ గల్లా మీద పెట్టాడు. అద్దాలు పెట్టుకుని గుమ్మం దగ్గరకు పోయి చార్టు చూశాడు. అడగకుండానే కింది వరస చదివాడు. "అలిఫ్, నూన్, సీన్, దాల్." ఆగాడు. "ఆఖర్ల బొక్కున్నది సేటూ. అతికిపియ్యి."

ఆ వారమే పట్నం పోయి మరో రెండు చార్టులు కొన్నాను, బేరం చేయకుండా. అప్పటినుంచి ఎవరు వచ్చినా చార్టు మార్చి చదివిస్తాను. బల్లను దుకాణం బయటికి జరిపేశాను.

ఇక లెక్క. ఆనాడు చార్టులు కొనకుండా మిగిల్చింది మూడు రూపాయలు. మాస్టర్ అద్దాల మీద లాభం అయిదు. మొత్తం రాబడి, అప్పటి మా రాజ్యపు నాణెం హాలీ సిక్కాలో, ఎనిమిది రూపాయలు. పోయినవి: ఒక క్యాచ్, ఒక కప్పు, పాలమూరుకు మళ్లీ దొరకని ఒక కెప్టెన్. వకీలు ముందు చెప్పాల్సిన 'నాకు తెలుసు' అన్న మాట ఇంకా నా దగ్గరే ఉంది. అది దేవరకొండకు చేర్చలేదు.