రెండు బిళ్ళలు

గోదారి పొంగిన నాడు మా గల్లీల ముసలోళ్ళందరినీ వీపు మీద మోసుకపోయి బడిలో దించింది నేనే. అడిగినోళ్ళకు, అడగనోళ్ళకు ఇదే చెప్పుకుంట తిరిగిన. ఇప్పుడు మోకాళ్ళ బలంతో పాటు అబద్ధం మోసే ఓపిక కూడ తగ్గింది. ఉన్నదున్నట్టు రాస్త. ఆ రోజు వరద రాలే. వస్తే ఎట్ల బయటపడాలెనో నేర్పే రిహార్సల్ అది. నేను మోసింది నా మందుల సంచి.

మహిళా సంఘం, మసీదు కమిటీ, రిటైరైన మా బొగ్గుబాయి పనోళ్ళు కలిసి పెట్టిన పని. ఉపాయం మాత్రం నాదే, ఇది నిజం. బొగ్గుబాయిల దిగేముందు పలకకు మన నంబరేసిన రేకు బిళ్ళ తగిలించి పోతం, పైకొచ్చినంక తీసుకుంటం. బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. అట్లనే బడిలో పలక పెట్టి, ముసలోళ్ళ పేర్లతోటి తలా ఒక బిళ్ళ దానికి తగిలించినం. విజిల్ పడంగనే కరెంటు మెయిన్ బంద్ చేసి, మందులు పట్టుకొని, తలుపుకు గొళ్ళెం పెట్టి రావాలె. ఎవరి బిళ్ళ వాళ్ళు తియ్యాలె. మిగిలిన బిళ్ళల ఇండ్లకు ఆటో పోతది.

విజిల్ పడ్డది. సన్నగ వాన. నా భార్యకు మోకాళ్ళు పట్టేసినయి. "నువ్వు నడువు, నాకు ఆటో పంపు" అన్నది.

బడికి చేరేసరికి నాకు ఆయాసం. నా బిళ్ళ తీసిన. చెయ్యి ఊకుంటదా, పక్కనున్న నా భార్య బిళ్ళ కూడ తీసింది. షిఫ్టు దిగినంక అలిసిన దోస్తు బిళ్ళ కూడ తీసి చేతుల పెట్టే పాత అలవాటు. పలక ఖాళీ అయింది. అందరు చప్పట్లు కొట్టిన్రు. ఆటో కదల్లే.

రెండో చాయ్ తాగుతుంటే ఆటో తెచ్చిన మెకానిక్ అడిగిండు, "చిన్నమ్మేది కాకా?"

"వస్తది."

"ఆ మోకాళ్ళతోనా?"

జేబుల చెయ్యి పెడితే రెండు బిళ్ళలు తగిలినయి.

ఆటోల పోయేసరికి గడప మీద కూసొని వాన చూస్తున్నది. కోపం లేదు. "నిజం నీళ్ళైతే ఇప్పటికి ఎంతదాంక వచ్చేవి?" అనడిగింది.

ఇక్కడిదాంక రాసి ఆమెకు చదివి వినిపించిన.

"గడప మీద నేనెప్పుడు కూసున్న? నువ్వు బయట గొళ్ళెం పెట్టి పోయినవ్. తలుపు గుద్ది గుద్ది లోపల్నే కూలబడ్డ. ఆ ముచ్చట రాయి."