గొడ్డలికి అడ్డుపడిన ఉదయం

తెలంగాణ సమ్మెతో మా కళాశాల మూతపడిన రోజులవి. కోరుట్లలో మా అద్దె ఇంటి వాకిట్లో నేను నాటిన దానిమ్మ రెండేళ్లుగా ఎర్రగా పూసి రాలడమే తప్ప కాయలేదు. ఒక ఉదయం ఇంటి యజమానురాలు ఖైరూన్‌బీ దానిపై గొడ్డలి ఎత్తారు.

"కాయని చెట్టెందుకు? నరికేస్త!"

వృక్షశాస్త్రం బోధించే నేను పరుగున వెళ్లి చెట్టును కౌగిలించుకున్నాను. "వద్దమ్మా, వచ్చే ఏడు కాస్తది!"

ఇరుగుపొరుగువారు పకపకా నవ్వారు. ఆమె గొడ్డలి దించారు. "గా మాట అనేటోని కోసమే చూస్తున్న సారూ. ఒకరు బెదిరియ్యాలె, ఒకరు అడ్డం పడాలె. గప్పుడే చెట్టు కాస్తది."

మూఢనమ్మకాలపై ఉపన్యాసాలిచ్చిన నేను సిగ్గుతో తలదించుకున్నాను.

మరుసటి ఏడు నాలుగు కాయలు కాశాయి. అయితే ఆ పూలకు నేను కుంచెతో పుప్పొడి కూడా అద్దాను కనుక ఘనత ఎవరిదో తేలలేదు. తేల్చడానికే మరో దానిమ్మ నాటాను. దాన్ని ఖైరూన్‌బీ బెదిరిస్తారు, నేను అడ్డుపడతాను. కుంచె మాత్రం ముట్టను.