అడవిల దింపిన పిల్ల

నాకప్పుడు ఇరవై రెండేండ్లు. ఆంధ్రప్రదేశ్ అయి పది పన్నెండేండ్లు గడిచినయి. మెదక్‌ల చర్చి వెనక గల్లీల ఒక పంతులమ్మ ఇంట్ల అర్ర కిరాయికి తీసుకొని ఉంటుంటి. బస్సు కండక్టర్ నౌకరి దొరికి ఎనిమిది నెలలయింది, ఇంక పర్మినెంట్ కాలే. పొద్దున నర్సాపూర్ దాంక ఒక ట్రిప్పు పోయి వస్తుంటిమి. పగటీలి ఒంటిగంటకు అదే బస్సు నర్సాపూర్ మీదికెంచి హైదరాబాద్ పట్నం పోతుండె.

పొద్దున నర్సాపూర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు నడుమ ఒక ఊర్ల ఒక పిల్ల ఎక్కుతుండె. పద్నాలుగు, పదిహేనేండ్లు ఉంటయి. నీలం లంగ, తెల్ల జాకెట్, రెండు జడలు. మెదక్‌ల తొమ్మిదో తరగతి సదువుతుండె. వాళ్ల ఊరి నుంచి మెదక్ దాంక ఆమెకు స్టూడెంట్ పాస్ ఉండె. నేను దగ్గరికి పోకముందే పాస్ తీసి చేతిల పట్టుకునేది. నేను చూసి తలకాయ ఊపుతుంటి. మా నడుమ మాట అంటూ ఏం లేదు.

ఆ వానకాలంల నాకొక మెమో వచ్చింది. ఇద్దరు పోరగాండ్లు ఐతారం నాడు బడి పాస్ మీద ఎక్కిండ్రు. సెలవు దినం పాస్ చెల్లదు. నవ్వుకుంట బతిమిలాడితే పోనీ అని ఊకున్న. తొవ్వల చెకింగ్ ఆఫీసర్ బస్సు ఆపిండు. పోరగాండ్లను ఏం అనలే, నన్ను కిందికి దింపి అందరి ముంగట తిట్టిండు. మూడు దినాలకు కాయితం వచ్చింది. ఇంకోసారి ఇట్లయితే నౌకరి ఉండదని రాసిండ్రు. ఆ కాయితం మడతపెట్టి అంగి జేబుల పెట్టుకొని తిరిగిన.

ఇది జరిగిన వారానికే ఆ పిల్ల ఒంటిగంట బస్సు ఎక్కింది. పొద్దటి సంది ముసురు పడుతుండె. అది బడి ఇడిచే యాళ్ల కాదు. చేతిల పుస్తకాలు ఉన్నయి, సద్దిగిన్నె ఉన్నది. పాస్ చూపించింది. పానం బాగలేక ఇంటికి పోతుందేమో అనుకున్న. వాళ్ల ఊరు వచ్చింది. ఇద్దరు ముగ్గురు దిగిండ్రు, ఆమె దిగలే. బస్సు కదిలి కొంత దూరం పోయినంక నేను చూసిన.

"నీ ఊరు దాటింది గదా, దిగలేదెందుకు?"

"నర్సాపూర్ పోవాలె అన్నా."

"పాస్ అక్కడి దాంక లేదు. టికెట్ తీసుకో."

"పైసలు లెవ్వు అన్నా. మా అమ్మ..."

"మీ అమ్మ సంగతి నేను అడగలే. పైసలు ఉన్నయా, లెవ్వా?"

గట్టిగనే అడిగిన. బస్సుల ఉన్నోళ్లందరికి వినబడాలె అనే అడిగిన. ఆ పిల్ల తలకాయ కిందికేసి తన పుస్తకాల దిక్కు చూసుకున్నది. నేను ఇంకా కొంచెంసేపు చూసి తాడు గుంజిన. గంట మోగింది.

మా డ్రైవర్ యాభై దాటిన మనిషి. నైజాం జమానల లారీలు నడిపినోడు. నేను చాచా అని పిలుస్తుంటి. ఆయన బండి మెల్లగ చేసి వెనకకు మర్రి చూసిండు.

"ఏమైంది బేటా?"

"పాస్ దాటింది చాచా. దింపాలె."

"గీ జంగల్లనా? నర్సాపూర్ నాలుగైదు మైళ్లే ఉన్నది, జరా ఆగు."

"రూలు చాచా. మొన్ననే మెమో వచ్చింది నాకు."

ఆయన బండి పక్కకు తీసి ఆపిండు. రెండు దిక్కుల టేకు చెట్లు, తడిసిన రోడ్డు, మనిషి అన్నోడు లేడు. ఆ పిల్ల పుస్తకాలను కడుపుకు అదుముకొని దిగింది. ఏడవలే. ఏడిస్తే నేనేం చేస్తుంటినో నాకు తెల్వదు. బస్సుల నలభై మంది ఉంటరు. ఎవ్వరు మాట్లాడలే. వాళ్లను అనేటందుకు ఏం లేదు. ఎవరన్న ఇయ్యుండ్రి అని నేను ఒక్క మాట అడిగితే ఎవరో ఒకరు ఇస్తుండిరి. నా జేబులనైనా ఉండె. ఆ ఆలోచన అప్పుడు రాలే. రైట్ అని తాడు గుంజిన. వెనక అద్దంల నుంచి ఆమె నడుచుడు మొదలుపెట్టినట్టు కనబడ్డది. తర్వాత మలుపు వచ్చింది.

నర్సాపూర్‌ల బస్సు పది నిమిషాలు ఆగుతది. ఒకాయన గొంగడి కప్పిన ఒక ఆడమనిషిని రెండు చేతుల మీద ఎత్తుకొని బస్సు దగ్గరికి వచ్చిండు. ఆయన ఆమెకు తమ్ముడట, పానం బాగలేక ఆమె ఆయన ఇంట్లనే ఉన్నదట. ఆమెకు నలభై ఏండ్లు కూడ ఉండయి, కాని మనిషి పుల్ల లెక్క ఉన్నది. నేను డ్రైవర్ వెనక సీటు ఖాళీ చేయించి పండబెట్టిచ్చిన. పట్నం పెద్ద దవాఖానకు పోతున్నరట, రెండు టికెట్లు చింపి ఇచ్చిన.

ఆమె నా చెయ్యి పట్టుకున్నది. మస్తు జ్వరం ఉండె ఆ చేతికి.

"కొడుకా, మెదక్‌ల బడిపిల్ల ఎవరన్న ఎక్కిందా? నీలం లంగ, రెండు జడలు. నా బిడ్డె. ఈ బస్సుకే రమ్మని పొద్దున బడికి కబురు పంపిచ్చినం."

తమ్ముడు అందుకున్నడు. "పట్నం తీసుకపోతే మల్ల ఎన్నొద్దులు అయితదో అని, ఒకసారి కండ్ల చూస్త అన్నది. పిల్ల ఇక్కడ దిగి మా ఇంట్ల ఉండాలె."

నేను చెప్పేటందుకు ఏముండె? ఎనక అడవిల ఉన్నది, నేనే దింపిన, పది నిమిషాలు ఆగుతే... కాదు, నాలుగైదు మైళ్లు నడిచే పిల్ల పది నిమిషాలల్ల రాదు. తర్వాతి బస్సుకు పోండ్రి అని చెప్పొచ్చు. ఏదన్న బండిని ఎనకకు పంపి పిల్లను తెప్పియ్యొచ్చు. ఇవన్ని నాకు తర్వాత తోచినయి, ఏండ్లు గడిచినంక కూడ ఒక్కొక్కటి కొత్తగ తోచినయి. అప్పుడు మాత్రం నోరు దానంతట అదే మాట్లాడింది.

"ఎక్కలే అమ్మా. నేను చూడలే."

డ్రైవర్ సీట్ల కూసున్న చాచా అద్దంల నుంచి నా దిక్కు చూసిండు. నేను టికెట్ల కట్టలు సర్దుకున్న.

"బడోళ్లు పంపలేదేమో అక్కా" అన్నడు తమ్ముడు.

"పరీక్షలున్నయేమో" అన్నదామె. అని, బస్సు కదిలేదాంక రోడ్డు దిక్కే చూసింది.

పట్నం దాంక నేను టికెట్లు కొట్టిన, స్టేజీలు పిలిచిన, లెక్క రాసిన. ఏదీ తప్పు పోలే. పట్నంల దిగేటప్పుడు వాళ్ల మూట నేనే పట్టుకొని రిక్షా దాంక పోయిన. ఆమె పండుకొనే, "నీకు పుణ్యముంటది కొడుకా" అన్నది. నేను మంచిది అమ్మా అని వాపస్ వచ్చిన. నాకు ఏం అనిపియ్యలే. దాన్ని దాచుకునేటందుకు అంటలేను, నిజంగనే ఏం అనిపియ్యలే.

చాయ్ తాగేకాడ చాచా ఎదురుంగ కూసున్నడు. సగం చాయ్ తాగినంక మాట్లాడిండు.

"నువ్వు దిగుమన్నవ్, నేను బండి ఆపిన. ఇద్దరిది ఉన్నది బేటా. రేపటి సంది పిల్లలను దింపే సంగతి వస్తే నాతోటి అనకు. నేను బస్టాండ్‌లనే ఆపుత. నీకు మెమో వస్తే నాకు కూడ రానియ్యి."

నేను సరే చాచా అన్న. ఆయన మల్ల ఆ సంగతి ఎన్నడు ఎత్తలే.

తెల్లారి పొద్దటి ట్రిప్పుల నర్సాపూర్ హోటలాయన చెప్పిండు. పిల్ల ఒక ఎడ్లబండి పట్టుకొని సగం దూరం, నడిచి సగం దూరం వచ్చిందట. తడిసి ముద్దయి వచ్చి పట్నం బస్సు ఏది అని అడిగిందట. పోయిందంటే బల్ల మీద కూసున్నదట. మేనమామ పెండ్లాం వచ్చి తీసుకపోయేదాంక లేవలేదట. ఆయన అదొక ముచ్చట లెక్క చెప్పి, గిలాసలు కడుక్కుంట లోపలికి పోయిండు.

పదిహేను దినాలు ఆ పిల్ల పొద్దటి బస్సు ఎక్కలే. పదహారో దినమో, పదిహేడో దినమో ఎక్కింది. జడ ఒక్కటే అల్లుకున్నది. వాళ్ల ఊరి ముసలమ్మ ఒకామె పక్క సీట్ల కూసున్న ఇంకొకామెకు చెప్తుంటే విన్న. తల్లి దవాఖానల తొమ్మిది దినాలు ఉన్నదట, పదో దినం పోయిందట. పిల్లను తీసుకపోయేటందుకు ఎవ్వలకు తీరలేదట. పీనుగను ఊరికి తెచ్చినంకనే పిల్ల తల్లిని చూసిందట.

నేను ఆ పిల్ల దగ్గరికి పోయిన. ఎప్పటి లెక్కనే పాస్ చేతిల పట్టుకొని ఉన్నది. నా మొఖం చూడలే. నేను పాస్ చూసిన, తలకాయ ఊపిన, ముందటికి పోయిన. తెల్లారి కూడ అట్లనే. నెల అయినంక కూడ అట్లనే. వానలు పోయినయి, సలి వచ్చింది. ఆ రూట్ మార్చమని దరఖాస్తు పెట్టుదామని రెండుసార్లు కాయితం తీసి, రెండుసార్లు మల్ల లోపల పెట్టిన. ఎందుకు పెట్టలేదంటే చెప్పలేను.

ఎండకాలం పరీక్షలు అయిపోయే దినాలల్ల ఒక పగటీలి ఆమె మెదక్ బస్టాండ్‌ల ఒక్కతే కూసున్నది. నేను పోయి కొంచెం దూరంల నిలబడ్డ.

"చెల్లే, ఒక మాట చెప్పాలె."

తల ఎత్తింది.

"ఆ దినం మీ అమ్మ మా బస్సులనే పట్నం పోయింది. నీ గురించి అడిగింది. ఎక్కలేదని చెప్పిన నేను."

ఆమె చానసేపు నా దిక్కే చూసింది. నేను ఆ మాట చెప్తే కోపానికి వస్తదో, ఏడుస్తదో, జనం పోగైతరో అని అన్ని అనుకొని వచ్చిన. అదేం కాలే.

"నేను రాలేదు అనుకున్నదా మా అమ్మ?"

"పరీక్షలున్నయేమో అన్నది."

"కోపానికి వచ్చిందా?"

"లేదు. రాలేదు."

"ఇంకేమన్నది?"

"ఇంకేం అనలే. రోడ్డు దిక్కు చూసింది."

ఆమె తర్వాత అడిగింది, గొంతు ఎత్తలే.

"దినాం పాస్ అడుగుతవ్ గదా అన్నా. గా దినం ఎందుకు పోతున్నవ్ అని ఒక్కసారి అడిగితే చెప్తుంటి గదా."

ఆమె జవాబు కోసం చూడలే. వాళ్ల ఊరి బస్సు వస్తే లేచి పోయి ఎక్కింది. చెప్తే భారం దిగుతది అంటరు. నాకు దిగలే, ఎక్కలే. చాయ్ తాగి డ్యూటీకి పోయిన.

తర్వాత నేను ఏం చేసిననో చెప్త. పాస్ దాటినా, వేరే బస్సు ఎక్కినా, అన్న పాస్ తమ్ముడు పట్టుకొచ్చినా, ముందుగాల ఎందుకు పోతున్నవ్ అని అడుగుడు మొదలువెట్టిన. మెల్లగ, పక్కకు వంగి, వేరేటోళ్లకు వినబడకుంట అడుగుతుంటి. పేరు, ఊరు, బడి రాసుకొని, మనుషులు తిరిగే బస్టాండ్‌ల దింపి, అక్కడ బస్సుల లెక్క చూసే కంట్రోలర్‌కు అప్పజెప్తుంటి. టికెట్ పైసలు తర్వాత ఎట్లనో అట్ల వసూలు అయితుండె, అయితలేకుండె.

అందరు పిల్లలు తల్లిని చూసేటందుకే పోతరని నేను అంటలేను. ఒకసారి పదహారేండ్ల పిలగాడు నడుమ ఊరి దాంకనే టికెట్ తీసి, ఆ ఊరు దాటినా పట్నం బస్సుల కూసున్నడు. ఎందుకు పోతున్నవ్ అని అడిగిన.

"సినిమాకు" అన్నడు, కండ్ల సూటిగ చూసి.

"ఇంట్ల తెలుసా?"

"తెలిస్తే పోనిస్తరా?"

వాన్ని కూడ అడవిల దింపలే. నర్సాపూర్‌ల కంట్రోలర్ దగ్గర కూసోబెట్టి, ఎదురు బస్సుకు ఎక్కించిన. అదే ట్రిప్పుల, నర్సాపూర్ చేరకముందే, చెకింగోళ్లు ఎక్కిండ్రు. టికెట్ లేనోన్ని ముందటి స్టేజీల ఎందుకు దింపలే అని రాసి ఇయ్యమన్నరు. ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చిన. ఒక ఇంక్రిమెంట్ ఆపిండ్రు. మా కిరాయింటి పంతులమ్మ ఆ సంగతి విని నాకు చాయ్ పోసి ఇచ్చింది.

నేను సీనియర్ అయినంక కొత్తగ చేరినోళ్లకు రెండు దినాలు పని చూపెట్టమని డిపోల చెప్తుండిరి. టికెట్ కొట్టుడు, లెక్క రాసుడు, గంట ఎప్పుడు కొట్టాలె, అన్ని చెప్పి చివరికి ఈ ముచ్చట చెప్తుంటి. ఒకడు అడిగిండు.

"మరి రూలు ఏమన్నది అన్నా? దింపుమనే గదా?"

"దింపుమన్నది. ఎక్కడ దింపాలెనో నువ్వే చూసుకోవాలె."

ఆ పిల్ల పదో తరగతి పాస్ అయిందని విన్న. మేనమామ ఇంట్ల ఉండి టీచర్ ట్రైనింగ్‌కు పోయిందని కూడ ఎవరో చెప్పిండ్రు. కొన్నేండ్లకు ఒక పొద్దున నర్సాపూర్‌ల నా బస్సు ఎక్కింది, చీర కట్టుకొని, భుజానికి సంచి వేసుకొని. నన్ను గుర్తుపట్టింది. మెదక్ ఒకటి అన్నది. నేను టికెట్ చింపి ఇచ్చిన. తీసుకొని కిటికీ దగ్గర కూసున్నది. మెదక్‌ల దిగేటప్పుడు, "పోయొస్త అన్నా" అన్నది. నేను మంచిది చెల్లే అన్న.