రేవులో వేయని కేక

బర్మావాళ్ల రంగం దేశం మీదికి మళ్లీ సిపాయిలను ఓడలెక్కిస్తున్నారని కోరంగి నుంచి వచ్చినవాళ్లు చెబుతున్నారు. ఈసారి తొందరగా తిరిగొచ్చేస్తారట. పాతికేళ్ల కింద మేమూ అలాగే వెళ్లాం.

ఆ యుద్ధంలో నేను పదిహేనుమందిని నరికానని రాజోలు చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. నిజానికి ముగ్గురు. ఇంకా నిజం కావాలంటే, ఒక బాతు. అదీ పెంపుడుది, దాన్ని వెతుక్కుంటూ ఆ ఇంటావిడ మేమున్న కోట గుమ్మం దాకా వచ్చింది.

నేను పడవలవాళ్ల ఇంట పుట్టి కుంపిణీ పల్టనులో సిపాయిగా చేరినవాణ్ణి. మమ్మల్ని ఐరావతి ఒడ్డున ఒక కర్రకోటలో పెట్టారు. ఆ కోట పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. వదలడానికి రెండు వానాకాలాలు చాలలేదు. ఆ యుద్ధం ఎందుకో మాకు తెలియదు. మా పైనున్న తెల్లదొరకూ తెలియదని మాత్రం తెలుసు.

వెళ్లిపొమ్మని ఉత్తర్వు వచ్చేది. మూటలు కట్టేవాళ్లం. అడవిలోంచి ఎవడో తుపాకీ పేల్చేవాడు. "ఇప్పుడు కదిలితే పారిపోయామంటారు" అని దొర మూటలు విప్పించేవాడు. తర్వాత నెల్లాళ్లు ఒక్క గుండూ పేలేది కాదు. "ఇంత ప్రశాంతంగా ఉంటే వెళ్లడమెందుకు?" అనేవాడు.

మా హవల్దారుది కొత్తపేట. ఒకరోజు నాతో అన్నాడు:

"ఒరేయ్, మా మేనమావ పెళ్లివారింటికి భోజనానికెళ్లి ఇలాగే ఉండిపోయేడ్రా. పొమ్మంటే మర్యాద కాదని వాళ్లు, పోతే మర్యాద కాదని ఈయన."

"ఆఖరికి ఎలా కదిలేరండీ?"

"వాళ్ల బియ్యం అయిపోయేయి."

మా బియ్యమూ అయిపోవస్తున్నాయి.

మాకు చేపలమ్మేవాడొకడు ఉండేవాడు, ఆ ఊరివాడే. మాతో తిరిగి నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని, ప్రతిదానికీ మా గోదారివాళ్లలాగే "ఆయ్" అనేవాడు. మేం వెళ్లిపోతే వాళ్ల రాజు మనుషులొచ్చి, మాకు చేపలమ్మినందుకు తల తీస్తారని వాడి భయం. ఇంట్లో భార్య, ముసలి తల్లి. నేను మాటిచ్చాను.

"మా వైపు ఏ పడవవాడూ మూడు కేకలెయ్యకుండా తాడు విప్పడయ్యా. 'రేవులో ఎవరైనా ఉన్నారా ఓ' అని కేకేస్తాను. మూడో కేకలోపు మీవాళ్లని తీసుకుని వచ్చెయ్."

"మూడు కేక. ఆయ్."

ఆఖరి ఉత్తర్వు ఒక మధ్యాహ్నం, జోరువానలో వచ్చింది. ఉన్నవి మూడు పడవలు. వాటిలోకి మాతో పాటు దొర భోజనాల బల్ల, నిలువుటద్దం, కోళ్లగూడు ఎక్కాయి. బల్లను కాళ్లు పైకి పెట్టి నా పడవలో నేనే కట్టాను. అది పట్టినంత చోటులో ముగ్గురు కూర్చోవచ్చు.

తర్వాత జరిగింది మా ఊళ్లో ఇలా చెబుతాను. నేను కేక వేయబోతే దొర పిస్తోలు నా గుండెకు ఆనించాడు. అయినా రెండు కేకలు వేశాను. మూడోది వేసేలోపు అడవిలోంచి గుండ్లు! ఇక్కడ ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు.

పిస్తోలు లేదు. గుండ్లూ లేవు. దొర నావైపు చూడనైనా లేదు. అద్దం తడవకుండా గొడుగు పట్టిస్తున్నాడు. కేక వేస్తే చేపలవాడితో పాటు ఊరంతా వస్తుందని, చోటు చాలకపోతే దొర బల్లను దించడని, నన్నే దిగమంటాడని తోచింది. నాకు ఇంటికెళ్లాలని ఉంది. చప్పుడు కాకుండా తాడు విప్పాను.

వాడి గుడిసె రేవుకి ఎంత దగ్గరంటే, గట్టిగా దగ్గినా వినిపిస్తుంది. వంపు తిరిగేటప్పుడు చూశాను. చూరు కింద మూడు మూటలు కట్టి, ఆకులు కప్పి ఉన్నాయి. మనిషి కనపడలేదు. కప్పులోంచి వంట పొగ వస్తోంది.

ఇప్పుడు మా రేవులో పడవ నాదే. మూడు కేకలతో ఆపను; ఏడెనిమిది వేస్తాను. మొన్న మలికిపురం వెళ్లే కొబ్బరికాయల ఆవిడ విసుక్కుంది.

"ఒడ్డున పురుగైనా లేదు కదండీ బాబాయిగారూ, ఎవరికండీ ఆ కేకలు? గోదారికాండీ?"

"ఆయ్" అన్నాను. తాడు విప్పకుండా ఇంకొకటి వేశాను.