సేఠ్ ఇచ్చిన డబ్బా, బాపు చెవులు

ఖటోదరాలో నేను పనిచేసే టీవీల దుకాణానికి కొత్త సరుకు వచ్చింది. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. టీవీకి తగిలిస్తే సినిమాలు, పాటలు, ఫోన్లోని ఫోటోలు అన్నీ తెర మీదికి వస్తాయి. ఎక్కువ తెప్పించాలా వద్దా అని దుకాణం యజమాని సేఠ్ తేల్చుకోలేకపోతున్నాడు. ఒకటి నా చేతిలో పెట్టి, "బేటీ, మీ తెలుగువాళ్ల గల్లీల్లో ఇది చలేగా, నడుస్తుందా? అడిగి చెప్పు" అన్నాడు.

వారం రోజులు సాయంత్రాలు అమ్రోలిలో మా చుట్టుపక్కల, మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "ఫోన్ల అన్ని అస్తున్నయ్ గద బిడ్డా, మళ్ల గిదెందుకు?" నాకూ అదే అనిపించింది. అమ్ముడుపోదని చెప్పేద్దామనుకున్నాను. తిరిగి ఇచ్చే ముందు, సెలవు రోజు మధ్యాహ్నం మా ఇంట్లో పెట్టి చూశాను.

నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాను. మా బాపు ముప్పై ఏళ్లుగా మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ చప్పుడు ఆయన చెవులను మెల్లమెల్లగా తినేసింది. ఆయన మాత్రం ఒప్పుకోడు. "నాకు మంచిగనే ఇనవడ్తది. గాళ్లే నోట్లె నోట్లె మాట్లాడ్తరు" అంటాడు. టీవీ గట్టిగా పెడితే పక్కింటివాళ్లు గోడ కొడతారు. తగ్గిస్తే బాపు లేచి వెళ్లి గడపలో కూర్చుంటాడు.

ఆ డబ్బాకి తీగ లేని హెడ్‌ఫోన్లు కలపొచ్చు, అవీ దుకాణం నుంచే తెచ్చాను. టీవీ శబ్దం మామూలుగానే ఉంటుంది, చెవుల్లో మాత్రం కావలసినంత పెంచుకోవచ్చు. చెవుల మాట ఎత్తితే విసిరికొడతాడని, "బాపూ, దుకాణం పనిది. ఎట్లున్నదో జర చూసి చెప్పు" అన్నాను. పని అనేసరికి కాదనలేదు.

ఒక హాస్య సినిమా పెట్టాను. కాసేపు ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత అవ్వా నేనూ నవ్విన చోట ఆయనా నవ్వాడు. ఇదివరకు మాతో కూర్చున్నప్పుడల్లా మా ముఖాలు చూసి, కొంచెం ఆలస్యంగా నవ్వేవాడు. అవ్వ సినిమా వదిలేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

సినిమా అయ్యాక బాపు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గింత ముచ్చట నడుస్తదా సిన్మల?" అన్నాడు. ఆ తర్వాత, "ఎన్నొద్దులైంది బిడ్డా నాకు గిట్లయ్యి?"

అవ్వే దగ్గరికి జరిగి చెవిలో గట్టిగా చెప్పింది. "శానేండ్లయింది."

మర్నాడు సేఠ్‌కి జరిగిందంతా చెప్పాను. ఇలాంటివాళ్లు మా గల్లీల్లో ఇంటికొకరు ఉంటారన్నాను. ఆయన ముఖం వెలిగింది. "అయితే వాళ్లకే చెప్పు మరి!"

"చెవుడు అంటే ఏ మగాయనా కొనడు సేఠ్. ఇంట్లో ఆడవాళ్లకి చెప్పాలి."

అలాగే చేశాను. ఈసారి డబ్బా సంగతి తర్వాత, ముందు ఇంటాయన గురించి అడిగాను. వారం కింద రెండు మాటల్లో పంపించేసిన ఆడవాళ్లే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మాట్లాడారు. కొందరు కొన్నారు. సేఠ్ ఆశపడ్డంతగా మాత్రం నడవలేదు. రెండోసారి తెప్పించి ఆపేశాడు.

మా ఇంట్లో డబ్బా ఉండిపోయింది. చుట్టాలొస్తే బాపు హెడ్‌ఫోన్లు తీసి దిండు కింద పెడతాడు. చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే, వచ్చే నెల అంటాడు.