మాస్టారు బయట ఉన్నప్పుడు

నవ్వుకుంటే నవ్వుకోండి. కల్పించి చెబితే నాకొచ్చేది ఏమీ లేదు. ఆ గదిలో ఉన్నాను కాబట్టి, ఈ చెవులతో విన్నాను కాబట్టి చెబుతున్నాను...

మా అక్క ఈశ్వరమ్మది పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె. నోరు మూతపడని మనిషి. సీతాఫలాల కోసం అడవికి వెళ్లి, పొదల్లో ఎలుగుబంటికి ఎదురుపడింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి గొంతు లేదు. పెదాలు కదులుతాయి... శబ్దం రాదు. ఒంగోలు డాక్టర్లు గొంతులో లోపమేమీ లేదన్నారు. పల్లెలో దయ్యమన్నారు. కొట్టి దయ్యం వదిలించేవాడొకణ్ని పిలిపించాలని మా బావ అంటున్నాడు. నా భయం అదే.

అప్పుడే మా రాచర్లలో ఒక స్కూలు వార్షికోత్సవానికి మార్కాపురం నుంచి హిప్నాటిజం మాస్టారు వచ్చారు. అక్కనూ బావనూ రమ్మన్నాను. స్టేజీ మీద ఒక పెద్దాయనకు పచ్చి ఉల్లిగడ్డ ఇచ్చి, దానిమ్మ పండన్నారు మాస్టారు. ఆయన కమ్మగా కొరుక్కు తిన్నాడు. కంట నీటి చుక్క లేదు. జనం పడీపడీ నవ్వారు. మాస్టారు మాత్రం ఆయన్ను మెల్లగా మేల్కొలిపి, మంచినీళ్లు తాగించి, చెయ్యి పట్టుకుని మెట్లు దించారు. ఆ మర్యాద చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

ప్రదర్శన అయ్యాక వెళ్లి సంగతి చెప్పాను.

"దయ్యం లేదు, గియ్యం లేదు తల్లీ," అన్నారు. "భయం గొంతు పట్టుకున్నాది. కొడితే ఇంకా బిగిస్తాది. నిదానంగా వదిలిద్దాం."

ఖాళీ క్లాసు రూములో కూర్చున్నాం. మా ఫోన్లు తీసుకుని బావ వరండాలో ఉన్నాడు. కుర్చీలో అక్క, పక్క కుర్చీలో నేను. ఎదురుగా నిలబడి మాస్టారు.

"కండ్లు బరువైతాండాయి ఈశ్వరమ్మా... ఊపిరి నిదానంగా... ఇంకా నిదానంగా..."

ఎంత మెత్తటి గొంతో! అక్క తల పక్కకు ఒరిగింది. నా చేతులు కూడా బరువెక్కాయి...

కరెంటు పోయింది.

చిమ్మచీకటి. ఫ్యాను కిర్రు... కిర్రు... అంటూ ఆగిపోయింది. ఎక్కడో ఒక గొర్రె అరిచింది. ఆ తర్వాత అక్క ఊపిరి ఒక్కటే.

అప్పుడు మాస్టారి గొంతు. చాలా దగ్గరగా...

"అది పోయినాది ఈశ్వరమ్మా... కొండ దాటి పోయినాది... ఇంక నీ చెల్లెల్ని పిలువు."

కుర్చీ కదిలింది. ఎండిన ఆకు మీద గోరుతో గీసినట్టు... సన్నగా...

"రమణా..."

మా అక్క గొంతు. ఎన్నాళ్లకో! వెక్కివెక్కి ఏడ్చాను.

తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు. మాస్టారు లోపలికి వస్తున్నారు... బయటి నుంచి. వెనకే బావ.

"ఎవరు పిలిచినారు?" అన్నారు మాస్టారు.

"అక్కే సార్. మీరే కదా పిలవమన్నారు?"

"కరెంటు పోతానే టార్చి కోసం స్కూటర్ కాడికి పోయినా తల్లీ."

"నా ముందర నుంచే పోయినాడు," అన్నాడు బావ.

విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. మాస్టారు బెంచీ మీద కూలబడ్డారు.

"ఆ మాటలే అనాలనుకున్నా. ఇంకా అనలేదు," అన్నారు. టార్చి బెంచీ మీద పెట్టారు. "నా మాట వినీ వినీ నువ్వు కూడా నిద్రలోకి పోయింటావు. మనసు ఎంత పనైనా చేస్తాది. కానీ ఇది ఇట్లనే జరిగిందని నేను చెప్పలేను తల్లీ."

ఇంకొకరైతే అది తన మహిమేనని ఊరంతా చాటుకునేవారు. అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

అక్క ఇప్పుడు ఫోన్ చేస్తే పెట్టనే పెట్టదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఆ చీకట్లో మాట ఎటునుంచి వినబడిందని.

"గొంతు ఆ సారుదే," అంది. "కానీ ఎదురుగా కాదే రమణా... నీ కుర్చీ కాడ నుంచి."

ఆ రాత్రి స్కూలు నుంచి ఇల్లు చేరేసరికి నా గొంతు బాగా బొంగురుపోయి ఉంది. ఏడ్చినందుకేనని అనుకుంటున్నాను.